హెప్సిబా కెమెరా మార్చిన ఏడాది

కరుణశ్రీ పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే సమయానికి హెప్సిబా కెమెరా ఆగిపోయింది.

ఇనుప గనుల ఊరు బచేలిలో చర్చి నిండా జనం. పాస్టరు గారు ప్రార్థన ముగించి పెళ్లికొడుకు చేతికి తాళి అందించారు. హెప్సిబా మోకాలి మీద కూర్చుని, కన్ను ఆనించి బటన్ నొక్కింది. టప్‌మని పలకాల్సింది సగంలో గరగరమని ఆగింది. వెనక తెర మీద ఎర్రర్ అని వచ్చింది. రెండేళ్లుగా అప్పుడప్పుడూ అవుతున్నదే. బ్యాటరీ తీసి మళ్లీ పెడితే దారిలోకి వస్తుంది. ఆమె వేళ్లు ఆ పనికి అలవాటు పడిపోయాయి. కానీ కెమెరా మళ్లీ పనిచేసేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి, జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఇంకోసారి కట్టినట్టు పట్టుకోమందామా? ఫోటో కోసం," అన్నారు మగపెళ్లివారిలో ఒకాయన.

"వద్దండీ. తాళి ఒక్కసారే," అన్నారు పాస్టరు గారు, నవ్వుతూనే.

భోజనాల దగ్గర హెప్సిబా తనే వెళ్లి పెళ్లికూతురికి చెప్పింది, తాళి ఫోటో రాలేదని. ఎవరో చెప్పాక తెలియడం కంటే తన నోటితో చెప్పడం మంచిదనుకుంది. కరుణశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని, "ఏం కాదులెండి ఆంటీ. మా తమ్ముడు ఫోన్‌లో తీశాడు, బాగానే వచ్చింది," అంది. ఆ పిల్ల తిట్టినా బావుండేదనిపించింది హెప్సిబాకి.

ఆల్బమ్‌లో ఆ ఫోన్ ఫోటోనే పెట్టింది. దాని పక్కన తన ఫోటోలు నలభై ఉన్నాయి. అందరూ ఆగి చూసేది మాత్రం ఆ ఒక్కదాన్నే అని ఆమెకి తెలుసు.

హెప్సిబాకి నలభై ఎనిమిదేళ్లు. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి కిరండూల్ లైను మీదికి ఉద్యోగానికి వచ్చి, బచేలి రైల్వే క్వార్టర్లలోనే జీవితం వెళ్లదీశాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో హల్బీ. ఆమె ఏ భాష ఎక్కడ నేర్చుకుందో ఆమెకే గుర్తులేదు. పదో తరగతి అయ్యాక సింహాచలం గారి స్టూడియోలో చేరింది. మొదట్లో ఆల్బమ్‌లకి ఫోటోలు అంటించడం, కవర్ల మీద పేర్లు రాయడం ఆమె పని. తరవాత ఆయనే కెమెరా చేతికిచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు మగవాడి ముందు కర్రల్లా బిగుసుకుపోయేవారు, ఈమె ఎదురుగా ఉంటే మామూలుగా నిలబడేవారు.

"బటన్ నొక్కే ముందు ఎదుటి మనిషి ఊపిరి వదిలేదాకా ఆగాలమ్మా," అనేవారాయన. ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అదే.

కళ్లు మందగించాక సింహాచలం గారు స్టూడియో ఆమెకి అప్పగించి విజయనగరం వెళ్లిపోయారు. వెళ్లే ముందు ఆమెని వైజాగ్ తీసుకెళ్లి ఈ డిజిటల్ కెమెరా కొనిపించారు. అది పన్నెండేళ్ల కిందటి మాట. ఇప్పుడు దాని పట్టు మీద రబ్బరు ఊడిపోతే సైకిల్ సొల్యూషన్‌తో అంటించి వాడుతోంది. వెనక తెర ఓ మూల పసుపు పచ్చగా మారింది. కొండ మీంచి వచ్చే ఎర్ర ఖనిజం దుమ్ము బటన్ల సందుల్లో చేరి, ఎంత తుడిచినా పోదు.

పెళ్లి జరిగిన వారం ఆమె భర్త రాజ్‌కుమార్‌తో అంది, "కెమెరా మార్చాలండీ."

రాజ్‌కుమార్ గని బస్సు నడుపుతాడు. తెల్లారగానే కార్మికులని కొండ మీదికి చేరుస్తాడు, షిఫ్టు దిగినవాళ్లని కిందికి తెస్తాడు. ఏ మాటకైనా వెంటనే జవాబు చెప్పడు.

"మార్చు," అన్నాడు భోంచేసి చెయ్యి కడుక్కుంటూ. "కానీ ఏటి కావాలో ముందు తేల్చుకో హెప్సీ. మా డిపోలోనూ బస్సు మార్చాలంటారు అందరూ. ఒకడు సీట్లు బాగోలేదంటాడు, ఒకడు ఏసీ కావాలంటాడు. బ్రేకు సంగతి ఎవడూ ఎత్తడు."

ఆమె ఫోన్‌లో వీడియోలు చూడ్డం మొదలుపెట్టింది. వాటిలో మిర్రర్‌లెస్ అనే, లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాల గురించే అందరూ చెప్పారు. బరువు తక్కువ. చీకట్లోనూ బాగా వస్తుంది. మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. పది వీడియోలు చూసేసరికి తన చేతిలో ఉన్నది ఇటుక రాయిలా అనిపించింది. కానీ కొత్తది కొంటే ఇన్నేళ్లుగా ఒక్కొక్కటీ కూడబెట్టుకున్న లెన్సులు నేరుగా పనికిరావు. మధ్యలో ఒక రింగు పెట్టుకోవాలట. దానితో పాతవి సరిగా పనిచేస్తాయని ఒకడు, చెయ్యవని ఇంకొకడు. ఎటూ తేలలేదు.

అలా ఊగిసలాడుతుండగానే నందే అనే ఆమె వచ్చింది.

తొలకరి పడ్డ వారం, వారపు సంత జరిగే బజారు రోజు. నందేది కొండ కిందున్న గోండు ఊరు. అరవై ఏళ్లుంటాయి. బుట్టలో బోడా పుట్టగొడుగులు తెచ్చి అమ్ముకుని, ఖాళీ బుట్టతో తిన్నగా స్టూడియోకి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఫోటోబాయీ, మా ఆయన ఫోటో ఇవ్వు," అంది, సగం హిందీలో, సగం హల్బీలో.

ఆమె భర్త మంగు ఎండాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో అతని ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నది బూడిదలా అలుక్కుపోయి మనిషే తెలియడం లేదు.

"నేను తీశానా?" అడిగింది హెప్సిబా.

"తీశావు. కోడిపందెం రోజు. నేను పక్కనే ఉన్నాను. అప్పట్నుంచి బోడాలు మూడేళ్లు వచ్చిపోయాయి."

హెప్సిబాకి బజారు రోజుల్లో కెమెరా మెడలో వేసుకుని తిరగడం అలవాటు. ఎవరైనా అడిగితే ప్రింటు తీసిచ్చేది, అడక్కపోయినా తీసేది. కంప్యూటర్లో అవన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఇద్దరూ స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. ఒక్కో ఫోటో జరుగుతుంటే నందే తెరకి మొహం దగ్గరగా పెట్టి చూసింది. గంటన్నర తరవాత ఉన్నట్టుండి హెప్సిబా మోచెయ్యి పట్టుకుంది. ముందు కోడిని గుర్తుపట్టింది. ఎర్ర మెడ, నల్ల తోక. ఆ తరవాత కోడిని చంకలో పెట్టుకున్న మనిషిని. పందెం బరి చుట్టూ వరసగా నిలబడ్డ తొమ్మిదిమందిలో ఎడమ నుంచి మూడోవాడు మంగు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

నందే ఏడవలేదు. తెర మీద కోడిని వేలితో తాకింది, అంతే.

"వచ్చే బజారుకి పెద్ద ఫోటో చేసిస్తాను," అంది హెప్సిబా.

నందే వెళ్లాక ఆమె మంగు మొహం ఒక్కదాన్నే కత్తిరించి పెద్దది చేసింది. అలాంటివి ఎన్ని చేసిందో లెక్కలేదు. మొహం, వెనక నీలం రంగు, చుట్టూ దండ వెయ్యడానికి సరిపడా ఫ్రేము. కానీ మంగు మొహం పెద్దదయ్యేకొద్దీ గళ్లుగళ్లుగా విడిపోయింది. కన్ను ఉండాల్సిన చోట నాలుగు నల్ల చతురస్రాలున్నాయి. నవ్వు ఒక తెల్ల చారలా మిగిలింది.

ఫోన్‌లో ఒక యాప్ ఉందని, పాడైన ఫోటోలని బాగుచేస్తుందని విని అందులో వేసి చూసింది. నిమిషంలో మొహం శుభ్రంగా తయారై వచ్చింది. నున్నటి బుగ్గలు, వరసైన పళ్లు, దిద్దినట్టున్న కనుబొమలు. రాజ్‌కుమార్‌కి చూపించింది.

"బావుందే. ఎవరితను?"

"ఎవరూ కాదు," అని దాన్ని చెరిపేసింది.

ఇక అనుమానం లేకపోయింది. పెళ్లిలో పరువు తీసింది, ఇప్పుడు పోయిన మనిషి మొహం కూడా ఇవ్వలేకపోయింది. ఈ డొక్కు కెమెరాని వదిలించుకోవాల్సిందే. ఆ వారమే కిరండూల్ పాసింజరెక్కింది. సొరంగాలూ అరకు లోయా దాటుకుంటూ రోజంతా ప్రయాణం. రాత్రికి వైజాగ్‌లో పిన్ని ఇంటికి చేరి, మర్నాడు పొద్దున్నే కెమెరా దుకాణం తలుపులు తెరిచేసరికి అక్కడుంది.

దుకాణంలో గిరీష్ అనే అతను ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, ఓపికైన మనిషి. అద్దం లేని కెమెరా తీసి చేతిలో పెట్టాడు. హెప్సిబా దాన్ని గాజు తలుపులోంచి వీధి వైపు తిప్పింది. నడుస్తున్న మనుషుల కళ్ల మీద చిన్న గడి వచ్చి కూర్చుంది. వాళ్లు కదిలితే అదీ కదిలింది. బటన్ నొక్కింది. చప్పుడే లేదు.

"తీసిందా?"

"ఏడు తీసింది మేడమ్."

ఆమెకి నవ్వొచ్చింది. చిన్నప్పుడు కొత్త చెప్పులేసుకుని ప్లాట్‌ఫారమ్ మీద పరిగెత్తినప్పటి సంతోషం లాంటిది వచ్చింది. దాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు. అయినా అడగవలసింది అడిగింది. సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి మంగు ఫోటో చూపించి, "నా కెమెరాలో తీస్తే మొహం ఇలా పగిలిపోతోంది బాబూ. దీన్లో తీస్తే పగలదు కదా?" అంది.

గిరీష్ ఫోటో వివరాలు తెరిచి చూశాడు. తరవాత ఆమె పాత కెమెరా తీసుకుని తిప్పి చూశాడు.

"మేడమ్, మీ కెమెరా ఒక ఫోటోకి కోటీ ఇరవై లక్షల చుక్కలు తీయగలదు. ఈ ఫోటోలో ముప్పై లక్షలే ఉన్నాయి. చిన్న సైజులో పెట్టి తీశారు. పెద్దదిలో పెట్టి తీసుంటే ఈ మొహం ఇంత పగిలేది కాదు."

"నేను పెద్దదిలోనే తీస్తాను," అంది హెప్సిబా వెంటనే.

"పెళ్లి ఫోటోలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. చూశాడు. కోటీ ఇరవై లక్షలే. "చూశారా, ఇవి పెద్దవే. అదొక్కటే చిన్నది."

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. కొత్తలో కార్డులు చిన్నవి. రెండు వందల ఫోటోలకే నిండిపోయేవి. అందుకని బజారుకి వెళ్లేటప్పుడు సైజు చిన్నది చేసుకునేది, పెళ్లికి వెళ్లేటప్పుడు పెద్దది. తరవాత కార్డులు పెద్దవయ్యాయి, చవకయ్యాయి. పదివేల ఫోటోలు పట్టేవి వచ్చాయి. ఆమె వేలు మాత్రం స్టూడియో గడప దాటగానే ఆ సైజు మార్చే బటన్ నొక్కుతూనే ఉంది. పెళ్లికి పెద్దది. బజారుకి చిన్నది. పన్నెండేళ్లు.

గిరీష్‌కి ఇదేమీ తెలియదు. అతను ఇంకా చెబుతున్నాడు, షట్టర్ లక్షా ఎనభై వేల సార్లు పడిందనీ, దాని ఆయుష్షు ఎప్పుడో తీరిందనీ, ఎర్రర్ వచ్చేది అందుకేననీ. ఆమె, "ఇప్పుడే వస్తాను బాబూ," అని బయటికొచ్చి దుకాణం మెట్ల మీద కూర్చుంది.

సింహాచలం గారికి ఫోన్ చేసింది. కెమెరా ఏది కొనాలో అడుగుతుందనుకున్నారాయన. ఆమె బజారుకి సైజు చిన్నది చేసే సంగతి చెప్పింది.

"ఆ అలవాటు నాదేనమ్మా," అన్నారాయన. "నన్ను చూసి నీకొచ్చింది. రీలు రోజుల్లో పెళ్లికి కొత్త రీలు వేసేవాణ్ణి. పెళ్లిలో మిగిలిన ముక్క బజారుకి. పాతబడిపోయిన రీలుంటే అదీ బజారుకే. వాళ్లు పెద్ద ఫోటోలు అడగరు కదా అని."

"నేనూ అదే అనుకున్నాను బాబాయ్."

"అప్పుడు తప్పనిపించలేదు. అందరం అలాగే చేసేవాళ్లం." గొంతు తగ్గించి, "ఇప్పుడు చెబుతుంటే బాగోలేదు," అన్నారు.

ఆమె చాలాసేపు మెట్ల మీదే ఉంది. ఆటోలు పోతున్నాయి. కెమెరా మీద కోపం పోయింది. ఆ కోపం తన మీదికి వచ్చింది గానీ, అది కూడా ఎంతసేపు ఉంచుకుంటుంది? కొనాలా వద్దా అన్నది మాత్రం ఇంకా అలాగే ఉంది. తాళి దగ్గర ఆగిపోయింది తన వేలు కాదు, కెమెరానే. ఈ రెండు తప్పులనీ కలిపి ఒక్క కొత్త కెమెరాతో తీర్చేద్దామని వచ్చింది తను. రాజ్‌కుమార్ అన్న బ్రేకు మాట తలుచుకుంది. తనకి బ్రేకంటే ఏటి? పని మధ్యలో ఆగకూడదు. తీసింది పోకూడదు. మిగిలినవన్నీ సీట్లూ ఏసీలే, ఎంత బావున్నా.

లోపలికెళ్లి అడిగింది. "నా లెన్సులే పట్టాలి. రెండు కార్డులు ఒకేసారి పెట్టే వీలుండాలి, ఒకటి పాడైనా రెండో దాంట్లో ఉండేలాగ. వాడిందైనా పరవాలేదు, షట్టర్ తక్కువ తిరిగింది కావాలి."

గిరీష్ కొత్తదాని వైపు చూశాడు. "ఇది తీసుకుంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదు మేడమ్."

"బావుంది బాబూ. అబద్ధమెందుకు, నాకు చాలా బావుంది. కానీ ఇది కొంటే లెన్సులన్నీ మళ్లీ కొనాలి, అవి కొనేదాకా ఒక్కదానితోనే పెళ్లిళ్లు తియ్యాలి. ఆ ఒక్కటీ ఆగితే మళ్లీ మొదటికే."

లోపలి గదిలోంచి రెండు వాడిన కెమెరాలు తెచ్చాడు. ఒకటి చూడ్డానికి కొత్తగా ఉంది గానీ బాగా తిరిగింది. రెండోదానికి ఓ మూల సొట్ట ఉంది, షట్టర్ ముప్పై వేలే. ఆమె తన లెన్సు పెట్టి, యాభైసార్లు వరసగా నొక్కి చూసి, సొట్టదే తీసుకుంది. పాతదాన్ని కొత్త షట్టర్ వెయ్యమని అక్కడే ఇచ్చింది. రెండు వారాలకి పార్సిల్లో వస్తుంది. ఇకమీదట పెళ్లికి రెండూ మెడలో ఉండాలి, ఒకటి మొరాయిస్తే రెండోది.

ఆ బజారు రోజు నందే పొద్దున్నే వచ్చింది. మంగు ఫోటో మొత్తాన్ని, తొమ్మిదిమందితో, ఉన్నదున్నట్టు ప్రింటు తీసి ఉంచింది హెప్సిబా. కత్తిరించకపోతే అది అరచెయ్యంత ప్రింటులో బాగానే ఉంది. మంగు మొహం మాత్రం చింతగింజంత.

"అమ్మా, పెద్దది రాలేదు. తప్పు నాదే," అంది. "పెళ్లి ఫోటోలు పెద్దగా తీస్తాను. మీ బజారు ఫోటోలు చిన్నగా తీశాను."

"ఎందుకు?"

హెప్సిబా దగ్గర ఆ ప్రశ్నకి ఒకటే జవాబుంది. "ఎవరూ అడగరనుకున్నాను."

"అడిగాను కదా," అంది నందే.

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. నందే ప్రింటు అందుకుని వెలుతురులోకి వెళ్లింది. కింది నుంచి పైకి, పక్కకి, తాపీగా చూసింది.

"మొహం ఒక్కటే కోసేద్దామనుకున్నావా?"

"అవును. అందరూ అలాగే పెట్టుకుంటారు కదా."

"మొహం ఒక్కటీ ఏం చేసుకోను? కోడి లేకపోతే ఆయనెందుకు నవ్వుతున్నాడో ఎలా తెలుస్తుంది?" ఒక్కొక్కరినీ వేలితో చూపించింది. "వీడు మా తమ్ముడు. ఇతను రాంచందర్, పందెంలో ఓడినవాడు, చూడు మొహం ఎలా ఉందో. ఈ ముసలాయన కూడా పోయాడు, కిందటేడు. ఇతనిదీ ఇంట్లో లేదు ఫోటో." ఫోటోని పైట కొంగులో చుట్టుకుంది. "ముసలాయన కూతురికి ఇంకొకటి తియ్యి."

తరవాతి బజారుకి ఆ ముసలాయన కూతురు వచ్చింది. ఆ తరవాత రాంచందర్ తనే వచ్చి, తను ఓడిపోయిన ఫోటో అడిగి నవ్వుకుంటూ పట్టుకుపోయాడు. అతని వెంట మరో ఇద్దరు వచ్చారు.

వైజాగ్ దుకాణంలో చూసిన అద్దం లేని కెమెరాని హెప్సిబా మర్చిపోలేదు. సాయంత్రానికి మెడ లాగుతుంటే అది ఎంత తేలికో గుర్తొస్తుంది. "కొనేసుండాల్సిందేమో," అంటుంది ఒక్కోసారి రాజ్‌కుమార్‌తో. పెళ్లి పనులు ఎక్కువేమీ కాలేదు. డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్లు దగ్గరి టౌను గీదం నుంచి వస్తున్నారు, సగం పెళ్లిళ్లు వాళ్లవే. వచ్చిన పెళ్లిళ్లలో మాత్రం ఆమె కెమెరా మళ్లీ ఆగలేదు. బజారులో సైజు మార్చే బటన్ ముట్టుకోదు. మొదటి రెండు నెలలూ వేలు దానంతటదే అక్కడికి పోయేది. వెనక్కి తీసుకునేది.

వాన పట్టిన రోజుల్లో గిరాకీ లేనప్పుడు పాత బజారు ఫోటోలు తెరిచి కూర్చుంటుంది. పెళ్లి ఫోటోలన్నీ పేర్లతో ఉన్నాయి, బజారువి తేదీలతోనే ఉన్నాయి. నందే గానీ, రాంచందర్ గానీ వస్తే పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరో అడిగి ఒక్కొక్క పేరే రాసుకుంటోంది. మూడేళ్లవి అయ్యాయి, ఇంకా తొమ్మిదేళ్లవి మిగిలి ఉన్నాయి. ఒక ఫోటోలో చింతపండు బుట్ట ముందు కూర్చున్న ఒక నడివయసు ఆమె ఉంది, కెమెరా వైపు తిన్నగా చూస్తూ. ఆమె ఎవరో నందేకి తెలియదు. రాంచందర్‌కీ తెలియదు. బజారు రోజు ఆ ఫోటో కాగితం మీద తీసి స్టూడియో తలుపుకి అంటిస్తోంది హెప్సిబా, దారిన పోయేవాళ్లెవరైనా గుర్తుపడతారేమోనని.